రక్తంలో జబ్బు, గొంతులో దెబ్బ

సీఎల్‌ఎల్ అనే నెమ్మది రకం రక్త క్యాన్సర్ ఉందని తేలాక డాక్టర్ చెప్పే మాట విని ఇంటిల్లిపాదీ అయోమయంలో పడతారు. “ఇప్పుడే మందులేం అక్కర్లేదు. కొన్ని నెలలకోసారి రక్తపరీక్ష చేయించుకోండి, చూద్దాం” అంటాడాయన. క్యాన్సర్ అని చెప్పి మందు వద్దనడమేమిటని బెంగపడతారు గానీ ఆ సలహా సరైనదే. ఈ జబ్బు కొందరిలో పదేళ్లయినా కదలదు. లక్షణాలు లేనప్పుడు పాతకాలపు కీమో మందులు ముందుగానే మొదలుపెట్టి చూశారు. ఆయుష్షేమీ పెరగలేదు.

అలా కనిపెట్టుకుని ఉన్న రోజుల్లో నీరసం మొదలవుతుంది. పొద్దున లేవబుద్ధి కాదు. నాలుగు మెట్లెక్కితే కాళ్లు పీకుతాయి. అందరూ ఫ్యాన్ వేసుకునే వేళ తనకు చలి. తినేది తక్కువే అయినా ఒళ్లు బరువెక్కుతుంది, గొంతు బొంగురుపోతుంది, మలబద్ధకం వదలదు. రోగీ, ఇంట్లోవాళ్లూ, ఒక్కోసారి డాక్టరూ అనుకునేది ఒకటే: ల్యుకేమియా ముదురుతోంది. అది నిజం కావచ్చు. కానీ పైన చెప్పిన లక్షణాలు థైరాయిడ్ గ్రంథి మందగించిన మనిషిలోనూ అచ్చం ఇలాగే ఉంటాయి. ల్యుకేమియా అన్న పెద్ద పేరు ఒకసారి ఫైలు మీదికెక్కాక, ఆ మనిషికి వచ్చే ప్రతి బాధనూ దాని ఖాతాలోనే రాసేస్తాం. టీఎస్‌హెచ్ అనే మామూలు రక్తపరీక్ష చేయించాలన్న ఆలోచన ఎవరికీ రాదు. నాకు బాధ కలిగించేది ఇదే, ఎందుకంటే థైరాయిడ్ లోపమే అసలు కారణమైతే రోజుకో చిన్న మాత్రతో ఆ నీరసం తీరిపోతుంది.

అసలు ఈ రెండు జబ్బులూ ఒకే ఒంట్లో ఎందుకు కలుస్తాయి? కాకతాళీయమా, చుట్టరికమా? లేక ఒకదానికి వేసిన మందు రెండోదాన్ని తెచ్చిపెడుతోందా? మూడూ నిజమే, అయితే మూడూ ఒకే మనిషిలో కాదు.

రెండు జబ్బుల్లోనూ ఒకే కణం

తెల్లకణాల్లో లింఫోసైట్లు అనే రకం ఉంది. ఒంట్లోకి వచ్చిన సూక్ష్మజీవిని గుర్తుపెట్టుకుని, అది మళ్లీ వస్తే పట్టుకునేది ఇవే. చిన్నప్పుడు ఆటలమ్మ పోసినవాళ్లకు సాధారణంగా మళ్లీ పోయకపోవడం వీటి చలవే. వీటిలో బి కణాలు యాంటీబాడీలను తయారుచేస్తాయి. టి కణాల్లో కొన్ని నేరుగా దాడి చేస్తాయి, కొన్ని బి కణాలకు సాయపడతాయి, ఇంకొన్ని ఆ దాడి శ్రుతి మించకుండా అదుపు చేస్తాయి.

సీఎల్‌ఎల్ అంటే దీర్ఘకాలిక లింఫోసైటిక్ ల్యుకేమియా. ఒకే ఒక్క బి కణం దారి తప్పుతుంది. దాని సంతానం చావాల్సిన వేళకు చావకుండా రక్తంలో, మూలుగలో, లింఫు గ్రంథుల్లో, ప్లీహంలో పోగుపడుతుంది. చాలామందికి ఇది వేరే దేనికో చేయించుకున్న సీబీపీ పరీక్షలో బయటపడుతుంది. ఒక మైక్రోలీటరు రక్తంలో ఇలాంటి బి కణాలు 5,000కు తగ్గకుండా, మూడు నెలలకు పైగా ఉంటే సీఎల్‌ఎల్ అంటారు. గాజు పలక మీద ఆ రక్తపు చుక్కను పల్చగా రాసి సూక్ష్మదర్శిని కింద పెడితే, గుండ్రటి కణాల మధ్య అక్కడక్కడా చితికి అలుక్కుపోయిన మరకలు కనిపిస్తాయి. ఇవి పెళుసు కణాలు, పలక మీద రాసేటప్పుడే పగిలిపోతాయి. అనుభవమున్న ల్యాబ్ మనిషి ఆ మరకలు చూడగానే అనుమానిస్తాడు.

ఇప్పుడు థైరాయిడ్ వైపు రండి. 1912లో జపాన్‌కు చెందిన హషిమోటో హకారు అనే యువ శస్త్రవైద్యుడు నలుగురు నడివయసు స్త్రీల గొంతులోంచి కోసి తీసిన వాచిన థైరాయిడ్ ముక్కలను సూక్ష్మదర్శిని కింద పరీక్షించాడు. హార్మోన్ తయారుచేసే కణాలుండాల్సిన చోట గుంపులు గుంపులుగా లింఫోసైట్లు మకాం వేసి ఉన్నాయి. లింఫు గ్రంథిలో ఉండాల్సిన అమరిక థైరాయిడ్ లోపల కనిపించింది. దాన్ని ఒక జర్మన్ వైద్య పత్రికలో వివరంగా, బొమ్మలతో సహా ప్రచురించాడు. తర్వాత సొంతూరు ఇగా వెళ్లి వైద్యం చేసుకుంటూ 1934లో టైఫాయిడ్‌తో చనిపోయాడు. థైరాయిడ్ మందగించడానికి, అయోడిన్ కొరత లేని చోట్ల, అన్నిటికంటే పెద్ద కారణమైన జబ్బును ఇప్పుడు లోకమంతా ఆయన పేరుతోనే పిలుస్తోంది.

ఆ లింఫోసైట్లు అక్కడెందుకు చేరాయన్నది మరో 44 ఏళ్ల దాకా తేలలేదు. ఒంట్లోని రక్షణ వ్యవస్థ తన సొంత అవయవం మీదే తిరగబడదని అప్పటి శాస్త్రవేత్తల గట్టి నమ్మకం. 1956లో ఆ నమ్మకాన్ని రెండు బృందాలు విడివిడిగా పడగొట్టాయి. అమెరికాలోని బఫెలోలో నోయెల్ రోజ్, ఎర్నెస్ట్ విటెబ్‌స్కీ కుందేళ్ల థైరాయిడ్ రసాన్ని కుందేళ్లకే ఎక్కించారు. వాటి రక్తంలో థైరాయిడ్‌కు వ్యతిరేకంగా యాంటీబాడీలు పుట్టాయి, గ్రంథిలో హషిమోటో చూసిన గుంపులే కనిపించాయి. లండన్‌లో డెబొరా డోనియాక్‌ది వేరే దారి. హషిమోటో రోగుల రక్తంలో యాంటీబాడీల రకపు ప్రొటీన్లు మోతాదు మించి ఉన్నాయనీ, థైరాయిడ్ తీసేశాక అవి తగ్గుతున్నాయనీ ఆమె గమనించింది. అంటే ఆ యాంటీబాడీల గురి థైరాయిడేనా? ఐవన్ రాయిట్, పీటర్ క్యాంప్‌బెల్‌లతో కలిసి రోగుల సీరమ్‌ను థైరాయిడ్ రసంతో కలిపి చూశారు. రెండూ కలిసిన చోట తెల్లటి తెర కట్టింది. యాంటీబాడీ తన గురిని పట్టుకుందనడానికి అదే రుజువు.

ఇది తేలిన మూడేళ్లకే, 1959లో, అమెరికా రక్తవైద్యులు విలియం డామెషెక్, రాబర్ట్ ష్వార్ట్జ్ ల్యుకేమియాకూ స్వయంప్రతిరక్షక జబ్బులకూ సంబంధం ఉండొచ్చంటూ ఒక వ్యాసం రాశారు. లింఫోసైట్లు అతిగా పెరిగితే ల్యుకేమియా, దారి తప్పి సొంత ఒంటిని కొడితే స్వయంప్రతిరక్షక జబ్బు. రెండింటిలోనూ పనిచేసేది ఒకే జాతి కణం కాబట్టి వాటిని వేరువేరు గదుల్లో పెట్టి చూడకూడదన్నది వాళ్ల వాదన. అరవై ఏళ్లు దాటినా ఆ వాదనకు పదును తగ్గలేదు.

బాక్స్: థైరాయిడ్ సంగతులు

గొంతు ముందు భాగంలో, కంఠమణికి కింద, పెద్దవాళ్లలో దాదాపు 15 నుంచి 25 గ్రాముల బరువుండే గ్రంథి ఇది. అయోడిన్‌ను పట్టుకుని టీ4, టీ3 అనే హార్మోన్లు చేస్తుంది. గుండె వేగం, ఒంటి వేడి, పేగుల కదలిక, తిండి ఖర్చయ్యే తీరు వీటి మీద ఆధారపడతాయి. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి టీఎస్‌హెచ్ పంపి థైరాయిడ్‌తో పని చేయిస్తుంది. థైరాయిడ్ మందగిస్తే పిట్యూటరీ ఇంకా ఎక్కువ టీఎస్‌హెచ్ వదులుతుంది. అందుకే థైరాయిడ్ తగ్గినవాళ్లకు టీఎస్‌హెచ్ అంకె పెరుగుతుంది, ఎక్కువైనవాళ్లకు అడుగంటుతుంది.

హషిమోటో జబ్బులో లింఫోసైట్లు గ్రంథిని నెమ్మదిగా నాశనం చేస్తాయి. గ్రేవ్స్ జబ్బులో కథ తలకిందులు. అక్కడ పుట్టే యాంటీబాడీ టీఎస్‌హెచ్ కూర్చోవాల్సిన చోట తాను కూర్చుని గ్రంథిని పగలూ రాత్రీ పరుగెత్తిస్తుంది. బరువు తగ్గడం, గుండెదడ, చెమటలు, చేతుల వణుకు దాని గుర్తులు.

ముందుగా కాకతాళీయం సంగతి

చుట్టరికం గురించి మాట్లాడేముందు లెక్క చూసుకోవాలి. హైదరాబాద్‌తో సహా మన దేశంలోని 8 నగరాల్లో 5,376 మంది పెద్దవాళ్లను పరీక్షించి 2013లో ప్రచురించిన సర్వేలో దాదాపు 11 శాతం మందికి థైరాయిడ్ మందగించి ఉంది. థైరాయిడ్‌లోని టీపీఓ అనే ఎంజైమ్ మీద యాంటీబాడీలు దాదాపు 22 శాతం మందిలో కనిపించాయి. అంటే ఈ రెండు జబ్బులకూ ఏ సంబంధమూ లేకపోయినా, మన నగరాల్లో ఏ వందమంది ల్యుకేమియా రోగులను తీసుకున్నా పదిమందికి అటూ ఇటూగా థైరాయిడ్ లోపం కనిపించాలి. పైగా హషిమోటో జబ్బు వయసుతో పెరుగుతుంది. సీఎల్‌ఎల్ కూడా ఎక్కువగా వయసు మళ్లినవాళ్లకే వస్తుంది.

కాబట్టి “మా నాన్నగారికి ల్యుకేమియా వల్లే థైరాయిడ్ వచ్చింది” అనుకునే కుటుంబాల్లో చాలావాటి విషయంలో ఆ రెండూ కేవలం ఒకే ఇంట్లో అద్దెకు దిగినవి కావచ్చు. కారణం కాకతాళీయమైనా రోగికి కలిగే బాధ మాత్రం అదే, చేయించాల్సిన పరీక్షా అదే.

చుట్టరికం ఎక్కడ కనిపిస్తుంది

సీఎల్‌ఎల్‌లో స్వయంప్రతిరక్షక దాడికి తిరుగులేని ఉదాహరణ థైరాయిడ్ కాదు, ఎర్రకణాలు. ఈ రోగుల్లో సుమారు 5 నుంచి 10 శాతం మందికి జబ్బు నడిచే కాలంలో ఎప్పుడో ఒకప్పుడు సొంత ఎర్రకణాల మీదే యాంటీబాడీలు పుట్టి, కణాలు పగిలిపోయి, రక్తహీనత, కామెర్లు వస్తాయి. ప్లేట్‌లెట్ల మీద దాడి ఇంకొంత అరుదు.

ఆ యాంటీబాడీలను ఎవరు తయారు చేస్తున్నారు? క్యాన్సర్ కణాలే చేస్తున్నాయని ఎవరైనా అనుకుంటారు, అవి బి కణాలే కదా. చూస్తే అది కాదని తేలింది. క్యాన్సర్ కణాలన్నీ ఒకే తల్లి పిల్లలు కాబట్టి అవి చేసే యాంటీబాడీ కూడా ఒకే అచ్చులో ఉండాలి. కానీ ఎర్రకణాలకు అతుక్కున్న యాంటీబాడీలు చాలా సందర్భాల్లో రకరకాలుగా ఉంటాయి. అంటే వాటిని చేసింది ఇంకా మిగిలి ఉన్న మామూలు బి కణాలు. తప్పు చేస్తున్నది ఆరోగ్యంగా ఉన్న కణాలే, వాటిని చెడగొట్టింది మాత్రం పక్కనున్న క్యాన్సర్ కణాలు. ఈ సంగతి నాకు ఎప్పుడు చదివినా ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఎలా చెడగొడతాయి? క్యాన్సర్ కణాలు పోగుపడ్డాక వాటి చుట్టూ ఉన్న టి కణాల పనితీరు మారిపోతుంది. కొన్ని అలసి నిస్తేజమవుతాయి, కొన్నిటి నిష్పత్తి తారుమారవుతుంది. బి కణాలకు సహజంగానే ఇంకో గుణముంది: ఒంట్లో దొరికిన ప్రొటీన్ ముక్కను తమ ఉపరితలం మీద పెట్టి టి కణాలకు చూపించడం. ఎర్రకణపు ముక్కలను సీఎల్‌ఎల్ కణాలు ఇలా చూపించగలవని పరిశోధనల్లో కనిపించింది. చూపించేవి లక్షల్లో ఉండి, అదుపు చేసేవి గాడి తప్పితే, సొంత కణాన్ని శత్రువుగా పొరబడే టి కణాలకు ఊతం దొరుకుతుంది. అవి మామూలు బి కణాలను ఉసిగొలుపుతాయి.

సీఎల్‌ఎల్ రోగుల్లో వింతగా తోచే ఒక సంగతి కూడా ఇక్కడ తేటతెల్లమవుతుంది. వీళ్లకు పనికొచ్చే యాంటీబాడీలు తగ్గిపోతాయి. న్యుమోనియా, సర్పి లాంటివి తరచూ వస్తాయి. అదే సమయంలో పనికిరాని, సొంత ఒంటినే కొట్టే యాంటీబాడీలు పుడతాయి. రక్షణ బలహీనపడడం, దారి తప్పడం రెండూ ఒకే గాడి తప్పిన వ్యవస్థ నుంచి వచ్చినవే.

థైరాయిడ్‌కు వచ్చేసరికి రుజువు ఎర్రకణాలంత గట్టిగా లేదు. సీఎల్‌ఎల్ రోగుల్లో థైరాయిడ్ యాంటీబాడీలు, హషిమోటో, గ్రేవ్స్ జబ్బులు వైద్య పత్రికల్లో నమోదవుతూ వచ్చాయి. అయితే వాటిలో కాకతాళీయం ఎంత, చుట్టరికం ఎంత అన్నది విడదీయడం కష్టం, పైన చెప్పిన 11 శాతమే దానికి కారణం. చుట్టరికానికి గట్టి సాక్ష్యం ఊహించని వైపు నుంచి, ఒక మందు నుంచి వచ్చింది.

కేంబ్రిడ్జి మందు చెప్పిన సంగతి

ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో లింఫోసైట్లను వెతికి చంపే ఒక యాంటీబాడీని తయారుచేశారు. లింఫోసైట్ల ఉపరితలం మీద సీడీ52 అనే ప్రొటీన్ ఉంటుంది, ఇది దానికి అతుక్కుంటుంది. మొదట ఎలుక యాంటీబాడీ. దాన్ని మనిషి యాంటీబాడీలా మలచినవాళ్లలో ఒకరైన గ్రెగ్ వింటర్‌కు తర్వాత 2018లో నోబెల్ వచ్చింది. ఆ మందు పేరు అలెమ్‌టుజుమాబ్. 2001 మే నెలలో అమెరికాలో దీన్ని సీఎల్‌ఎల్‌కు ఆమోదించారు.

అదే మందును కేంబ్రిడ్జి వైద్యులు మల్టిపుల్ స్క్లెరోసిస్ రోగులకు కూడా ఇచ్చి చూశారు. ఆ జబ్బులో లింఫోసైట్లు నరాల పైపొరను దెబ్బతీస్తాయి కాబట్టి, లింఫోసైట్లను తుడిచేస్తే దాడి ఆగుతుందని ఆశ. దాడి చాలావరకు ఆగింది. కానీ 1999లో వాళ్లు ప్రచురించిన ఫలితం అందరినీ ఉలిక్కిపడేలా చేసింది. 27 మందిలో 9 మందికి కొత్తగా గ్రేవ్స్ జబ్బు వచ్చింది. ప్రతి ముగ్గురిలో ఒకరికి! అది కూడా మందు ఇచ్చిన వెంటనే కాదు, నెలలు గడిచాక, లింఫోసైట్లు మళ్లీ పెరిగే కాలంలో.

లింఫోసైట్లను చంపే మందు లింఫోసైట్ల జబ్బును ఎలా తెచ్చింది? కలుపు మందు కొట్టి ఖాళీ చేసిన పొలం మీద ఒక వాన పడితే ఏమవుతుందో రైతుకు తెలుసు. చల్లిన విత్తనం కంటే ముందు, నేలలో మిగిలిపోయిన కలుపు గింజలు మొలకెత్తి జాగా ఆక్రమిస్తాయి. ఖాళీ అయిన ఒంట్లో జరిగేదీ అలాంటిదే. బి కణాలు కొన్ని నెలల్లోనే తిరిగి వస్తాయి, ఒక్కోసారి మునుపటికంటే ఎక్కువగా. టి కణాలు పూర్తిగా కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది. పైగా అవి ఛాతీలోని థైమస్ గ్రంథిలో కొత్తగా శిక్షణ పొంది వచ్చేవి కావు, చావకుండా మిగిలిన కొద్ది కణాలే పదేపదే చీలి సంఖ్య పెంచుకుంటాయి. సొంత ఒంటిని గుర్తుపట్టే కణం త్వరగా ప్రేరణ పొందుతుంది కాబట్టి ఈ పోటీలో దానిదే పైచేయి. అదుపు చేసే కణాలు చాలినన్ని లేని ఆ కాలంలో థైరాయిడ్ మీదికి ఎగబడే కణాలకు అడ్డు ఉండదు.

ఆశ్చర్యమేమిటంటే, ఇదే మందు వాడిన ల్యుకేమియా రోగుల్లో గ్రేవ్స్ జబ్బు ఇంతగా కనిపించలేదు. ల్యుకేమియా రోగులు వయసు మళ్లినవాళ్లు, అప్పటికే రకరకాల కీమో మందులతో లింఫోసైట్లు బాగా దెబ్బతిన్నవాళ్లు. మల్టిపుల్ స్క్లెరోసిస్ రోగులు చాలావరకు యువతులు, అప్పటికే ఒక స్వయంప్రతిరక్షక జబ్బున్నవాళ్లు. అంటే పొలం ఖాళీ కావడం ఒక్కటే చాలదు, నేలలో కలుపు గింజ కూడా ఉండాలి. కుటుంబంలో థైరాయిడ్ జబ్బులు ఉన్నాయా అని డాక్టర్ అడిగే ప్రశ్నకు బలం ఇక్కడ నుంచే వస్తుంది.

ఇదే మరో రూపంలోనూ కనిపించింది. సీఎంఎల్ అనే మరో దీర్ఘకాలిక ల్యుకేమియాకు మరొకరి మూలుగ మార్పిడి చేయించుకున్న రోగికి దాత నుంచి థైరాయిడ్ జబ్బు కూడా సంక్రమించిన ఉదంతం 1990లోనే వైద్య పత్రికలో వచ్చింది. థైరాయిడ్ రోగిదే, దాని మీద దాడి చేసిన లింఫోసైట్లు మాత్రం దాతవి. జబ్బు గ్రంథిలో కాదు, లింఫోసైట్లలో ఉందనడానికి ఇంతకంటే సూటి రుజువు దొరకదు.

సీఎంఎల్ దారి వేరు

మన దేశంలో పెద్దవాళ్లకు వచ్చే దీర్ఘకాలిక ల్యుకేమియాల్లో పెద్ద వాటా సీఎల్‌ఎల్‌ది కాదు, సీఎంఎల్‌ది. ఇది లింఫోసైట్ల జబ్బు కాదు, మూలుగలోని మరో తెల్లకణ వంశానికి సంబంధించినది. 9వ, 22వ క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడంతో ఒక ఎంజైమ్ ఆగకుండా పనిచేస్తుంది, కణాలు విపరీతంగా పెరుగుతాయి. పాశ్చాత్య దేశాలకంటే మన దగ్గర చిన్న వయసులోనే, ఉద్యోగం చేస్తూ పిల్లల్ని పెంచుతున్న దశలో బయటపడుతుంది. రక్షణ వ్యవస్థను నేరుగా చెడగొట్టే జబ్బు కాకపోవడంతో ఇక్కడ థైరాయిడ్ సమస్య వచ్చేది ఎక్కువగా మందుల వెంట.

2001కి ముందు సీఎంఎల్‌కు ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు ఇచ్చేవాళ్లు. హెయిరీ సెల్ అనే మరో దీర్ఘకాలిక ల్యుకేమియాకు 1986 నుంచే అమెరికాలో దీనికి అనుమతి ఉంది. ఇంటర్‌ఫెరాన్ అనేది వైరస్ సోకినప్పుడు ఒళ్లు తనంతట తాను విడుదల చేసే హెచ్చరిక. దాన్ని నెలల తరబడి బయటి నుంచి ఎక్కిస్తే లింఫోసైట్లు రెచ్చిపోతాయి, థైరాయిడ్ కణాలు కూడా తమ ప్రొటీన్ ముక్కలను మరింతగా బయటపెడతాయి. అప్పటికే టీపీఓ యాంటీబాడీలు ఉన్నవాళ్లకు, ముఖ్యంగా స్త్రీలకు, థైరాయిడ్ జబ్బు పైకి తేలేది.

తర్వాత ఇమాటినిబ్ వచ్చింది. అలెమ్‌టుజుమాబ్‌కు అనుమతి దొరికిన ఆ 2001 మే నెలలోనే దీనికీ దొరికింది. సీఎంఎల్ రోగి రోజూ మాత్ర వేసుకుంటూ దాదాపు మామూలు జీవితం గడిపే రోజులు దీనితో మొదలయ్యాయి. దీన్ని తక్కువ ధరకు తయారుచేసిన కంపెనీల్లో హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఒకటి. దీని పేటెంటు మీద నడిచిన కేసులో 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్లే చాలా తెలుగు కుటుంబాలకు ఈ మందు అందుబాటులో నిలిచింది.

ఇమాటినిబ్‌కు థైరాయిడ్‌తో ఉన్న సంబంధం రక్షణ వ్యవస్థకు చెందినది కాదు. 2005లో ప్రచురించిన ఒక చిన్న పరిశీలనలో, వేరే కారణంతో థైరాయిడ్ తీయించుకుని హార్మోన్ మాత్ర వాడుతున్న 8 మందికి ఇమాటినిబ్ మొదలుపెట్టగానే థైరాయిడ్ లోప లక్షణాలు తిరగబెట్టాయి. గ్రంథి ఉన్న ముగ్గురికి ఏమీ కాలేదు. మందు హార్మోన్‌ను ఒంట్లోంచి త్వరగా ఖర్చు చేయిస్తోందని అంచనా. గ్రంథి ఉన్నవాళ్లలో అది ఎక్కువ ఉత్పత్తి చేసి సర్దుకుంటుంది, లేనివాళ్లకు ఆ వెసులుబాటు లేదు. హషిమోటోతో గ్రంథి సగం దెబ్బతిన్న రోగికి కూడా ఆ వెసులుబాటు తక్కువే. తర్వాత వచ్చిన నిలోటినిబ్, డసాటినిబ్ వాడేవాళ్లలో కొందరికి థైరాయిడ్ వాపు వచ్చి అంకెలు కొన్నాళ్లు తారుమారవడం కూడా కనిపించింది.

ఒకటి చూసి ఇంకొకటి అనుకుంటే

సీఎల్‌ఎల్‌కు మందు ఎప్పుడు మొదలుపెట్టాలో నిర్ణయించే గుర్తులు కొన్ని ఉన్నాయి. ఆరు నెలల్లో బరువు పది శాతానికి పైగా తగ్గడం, నెలకు పైగా రాత్రిళ్లు ఒళ్లు తడిసేలా చెమటలు, పని చేసుకోనివ్వని నీరసం, మెడలో గడ్డలు పెరగడం, హిమోగ్లోబిన్ పడిపోవడం.

ఇప్పుడు గ్రేవ్స్ జబ్బు వచ్చిన మనిషిని ఊహించండి. బరువు తగ్గుతాడు, చెమటలు పోస్తాయి, నీరసపడతాడు, మెడ ముందు వాపు కనిపిస్తుంది. అన్నీ ల్యుకేమియా ముదిరిన గుర్తులుగానే కనిపిస్తాయి. టీఎస్‌హెచ్ చూడకుండా కీమో మొదలుపెడితే, అక్కర్లేని మందును ఆ మనిషి ఒంటి మీద రుద్దినట్టే. వేలితో తడిమి చూస్తే కొంత తేడా తెలుస్తుంది: మింగమన్నప్పుడు థైరాయిడ్ వాపు పైకి కదులుతుంది, లింఫు గడ్డలు మెడ పక్కల్లో, దవడల కింద ఉండి మింగినా కదలవు. సందేహం ఉంటే అల్ట్రాసౌండ్ తేల్చేస్తుంది.

రక్తహీనత ఇంకా చిక్కు. సీఎల్‌ఎల్‌లో హిమోగ్లోబిన్ 11కి తగ్గితే జబ్బు మూడో దశకు చేరినట్టు లెక్క, మూలుగ నిండిపోయిందని అర్థం. థైరాయిడ్ మందగించినా మూలుగ ఎర్రకణాలను తక్కువగానే చేస్తుంది. హషిమోటో ఉన్నవాళ్లలో కొందరికి కడుపు పొర మీద కూడా ఇలాంటి దాడే జరిగి బి12 ఒంటికి పట్టదు, దాంతోనూ రక్తం తగ్గుతుంది. ఇక సొంత ఎర్రకణాలను పగలగొట్టే యాంటీబాడీల సంగతి ఉండనే ఉంది. ఒకే అంకె వెనక ఇన్ని కారణాలుంటే, దశ పెరిగిందని తీర్మానించే ముందు టీఎస్‌హెచ్, బి12, ఐరన్, ఎర్రకణాల మీది యాంటీబాడీలను చూపే కూంబ్స్ పరీక్ష చూసుకోవడం తప్పనిసరి అని నా నమ్మకం. ఒక్క కీమో విడతకయ్యే ఖర్చు ముందు వీటి ఖర్చు లెక్కలోకే రాదు.

రిపోర్టు తప్పుదోవ పట్టించే చోట్లు

థైరాయిడ్ యాంటీబాడీ పరీక్ష మామూలు మనిషిలో నమ్మదగినదే. సీఎల్‌ఎల్ రోగిలో రెండు వైపులా మోసపోవచ్చు. మొత్తం యాంటీబాడీలే తగ్గిపోయిన ఒంట్లో హషిమోటో నిజంగా ఉన్నా రిపోర్టు ‘లేదు’ అని రావచ్చు, ఎందుకంటే గ్రంథిని నాశనం చేసే పని ప్రధానంగా టి కణాలది. ఇన్ఫెక్షన్లు తరచూ వస్తున్నాయని వేలమంది దాతల ప్లాస్మా నుంచి తీసిన ఇమ్యునోగ్లోబులిన్‌ను సెలైన్‌లా ఎక్కించుకున్న రోగికి, ఆ దాతల్లో కొందరి థైరాయిడ్ యాంటీబాడీలు కూడా ఒంట్లో చేరి, లేని జబ్బు ఉన్నట్టు రిపోర్టు రావచ్చు. జుట్టు కోసం వాడే బయోటిన్ మాత్రలు కూడా కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో థైరాయిడ్ అంకెలను తారుమారు చేస్తాయి, పరీక్షకు రెండు రోజుల ముందే ఆపేయడం మంచిది. ఒంట్లో బాగా లేనప్పుడు, ఆసుపత్రిలో పడి ఉన్నప్పుడు తీసిన టీఎస్‌హెచ్‌ను కూడా కోలుకున్నాక మళ్లీ చూసుకోవాలి.

థైరాయిడ్ మాత్ర, మిగతా మాత్రలు

టీఎస్‌హెచ్ బాగా పెరిగి టీ4 పడిపోతే లీవోథైరాక్సిన్ మాత్ర రాస్తారు. టీ4 మామూలుగా ఉండి టీఎస్‌హెచ్ కొద్దిగా, 10కి లోపు పెరిగిన వయసు మళ్లినవాళ్లందరికీ వెంటనే మందు అక్కర్లేదు, రెండు మూడు నెలలాగి మళ్లీ చూస్తారు. గుండె జబ్బున్న పెద్దవాళ్లకు 25 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. ఈ హార్మోన్ ఒంట్లో సగానికి తగ్గడానికి దాదాపు వారం పడుతుంది, అందుకే మోతాదు మార్చిన ప్రతిసారీ ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి పరీక్ష చేయించాలి. పది రోజులకే నీరసం తగ్గలేదని మాత్ర మానేయకూడదు.

మాత్రను పొద్దున్నే పరగడుపున మంచినీళ్లతో వేసుకుని కాఫీకి, టీకి అరగంట నుంచి గంట ఆగాలి. ల్యుకేమియా రోగుల మందుల సంచిలో ఐరన్, కాల్షియం మాత్రలు తరచూ ఉంటాయి. అవి థైరాయిడ్ మాత్రను ఒంటికి పట్టనివ్వవు, కాబట్టి రెండింటి మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. రక్తహీనత అని ఐరన్ మాత్ర థైరాయిడ్ మాత్రతో కలిపి మింగేసి, టీఎస్‌హెచ్ ఎందుకు దిగిరావడం లేదని ఆందోళనపడేవాళ్లను మందు మార్చకుండా వేళ మార్చి బాగుచేయవచ్చు. ఇమాటినిబ్ లాంటి మందు కొత్తగా మొదలుపెట్టినా, ఆపినా, మార్చినా టీఎస్‌హెచ్ మళ్లీ చూడాలి. థైరాయిడ్ అంకె మారిందని మాత్రం ల్యుకేమియా మందును సొంతంగా ఆపకూడదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఈ చుట్టరికం ఎదురు దిశలోనూ నడుస్తుంది. హషిమోటోతో ఏళ్ల తరబడి గ్రంథిలో మకాం వేసిన లింఫోసైట్లు చాలా అరుదుగా అక్కడే లింఫోమా అనే క్యాన్సర్‌గా మారతాయి. హషిమోటో ఉన్న కోట్ల మందిలో ఇది జరిగేది బహు కొద్దిమందికే, భయపడి రోజూ గొంతు తడుముకోనక్కర్లేదు. కానీ ఎన్నో ఏళ్లుగా థైరాయిడ్ మాత్ర వాడుతున్న పెద్దావిడ గొంతు వాపు కొన్ని వారాల్లోనే గబగబా పెరిగి, గట్టిపడి, మింగడానికో ఊపిరికో అడ్డుపడితే మోతాదు పెంచి ఊరుకోకూడదు, వెంటనే ముక్క పరీక్ష చేయించాలి. వాటిలో నెమ్మది రకాలు గ్రంథికే పరిమితమై ఉన్నప్పుడు దొరికితే, చాలావరకు రేడియేషన్‌తోనే లొంగిపోతాయి.